బొల్లిమచ్చలకు ఆపరేషన్: ఏడేళ్ల తర్వాత నా ఒంటి మీద ఏది నిలిచింది, ఏది నిలవలేదు

పర్లాకిమిడిలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లు, లామినేషన్. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని మనుషుల చర్మం రంగు సరిచేయడమే పని. ఎవరికైనా బుగ్గ మీద మచ్చ ఉంటే పక్కనున్న మంచి చర్మాన్ని కాపీ తీసి దాని మీద అద్దుతాం. దాన్ని క్లోన్ స్టాంప్ అంటారు. బొల్లికి చేసే ఆపరేషన్లన్నీ దాదాపు ఇదే పని అని నాకు కత్తి కింద పడుకున్నాక గానీ అర్థం కాలేదు. నేను నాలుగుసార్లు చేయించుకున్నాను. మొదటిది పూర్తిగా దండగ.

మచ్చ 2011లో కుడి పిక్క మీద, బైకు సైలెన్సర్ కాలిన చోట మొదలైంది. గాయం మానింది, రంగు మాత్రం తిరిగి రాలేదు. తర్వాత కింది పెదవి, మెడ పక్క, చివరికి వేళ్ల కొసలు. అమ్మ బావంచాల నూనె తెప్పించి "రాసుకుని ఎండలో కూర్చోరా" అంది. కూర్చున్నాను. సాయంత్రానికి పిక్క మీద నిమ్మకాయంత బొబ్బ. బావంచాల్లో ఉండే సోరాలెన్ అనే పదార్థాన్నే డాక్టర్లు కూడా వాడతారట, కాకపోతే కొలత ప్రకారం ఇచ్చి, కొలత ప్రకారం వెలుతురు పెడతారు. మేం ఇంటి వెనక పెరట్లో కొలత లేకుండా కానిచ్చాం.

2015లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో పిక్క మీద పంచ్ గ్రాఫ్టింగ్, అంటే తొడ నుంచి మంచి చర్మం ముక్కలు తీసి మచ్చలో నాటే ఆపరేషన్ చేశారు. అప్పటికి మెడ మీద మచ్చ నెలనెలా పెరుగుతూనే ఉంది. "కొత్త మచ్చలు వస్తున్నాయా, గీరుకున్న చోట తెల్లబడుతోందా" అని అక్కడ ఒక్కరు కూడా అడగలేదు. నాకూ చెప్పాలని తెలియదు. పెట్టిన ముక్కలన్నీ రెండు నెలల్లో తెల్లబడిపోయాయి. అంతకన్నా కడుపు మండిన సంగతి, ముక్కలు తీసిన తొడ మీద కూడా చుక్కలు చుక్కలుగా తెల్లమచ్చలు లేచాయి. అంటే డబ్బిచ్చి మరీ కొత్త బొల్లి తెచ్చుకున్నాను. దెబ్బ తగిలిన చోటల్లా తెల్లబడే దశలో ఉన్న మనిషికి సూది గుచ్చినా దెబ్బే.

అందుకే ఈ విషయం కాస్త ఎక్కువ రాస్తున్నాను. మన దేశంలో చర్మవైద్యులకు 2008లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం కనీసం ఒక ఏడాది పాటు కొత్త మచ్చ రాకుండా, పాత మచ్చ పెరగకుండా, గాయాల చోట తెల్లబడకుండా ఉంటేనే ఆపరేషన్. దాన్నే వాళ్లు స్టేబుల్ అంటారు. మనం "ఏమో, పెరిగినట్టు లేదు" అని నోటిమాటగా చెబితే కుదరదు. నాకు కెమెరా ఉంది కాబట్టి మూడు నెలలకోసారి అదే లైటులో, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకున్నాను. మెడ మచ్చ పెరగలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలిగిన రోజుల్లో కూడా ఫోటోలో రెండు మిల్లీమీటర్లు జరిగింది. మీ దగ్గర మంచి ఫోన్ ఉంటే చాలు, ఇది చేయండి.

తర్వాత విశాఖలో దొరికిన డాక్టరు గారు మొదటి రోజే ఆపరేషన్ మాట ఎత్తనివ్వలేదు. "చూడు బాబూ, ముందు దీన్ని నిద్రపుచ్చాలి" అన్నారు. వారంలో వరసగా రెండు రోజులు మాత్రమే వేసుకునే స్టెరాయిడ్ మాత్రలు కొన్ని నెలలు ఇచ్చారు. నాకు శని, ఆదివారాలు. ఆ రెండు రోజులూ ఆకలి విపరీతం, నిద్ర తక్కువ. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ మాత్రలు వేసుకుని రాత్రంతా వీడియో తీసిన రోజులున్నాయి. ఆ మాత్రలు ఆపాక మచ్చలు ఏడాదిన్నర కదలకుండా ఉన్నాక, 2018లో ముందు, నిలుస్తాయో లేదో చూడటానికి టెస్ట్ గ్రాఫ్ట్ పెట్టారు. పిక్క మచ్చ మధ్యలో నాలుగైదు ముక్కలు, అంతే. మూడు నెలల తర్వాత ఒక్కో ముక్క చుట్టూ గోధుమరంగు చిన్న వలయం కనిపించింది. ఆ రోజు గుణుపూర్ ప్యాసింజర్‌లో తిరిగొస్తూ నౌపడా దాటేదాకా ప్యాంటు మడిచి కాలే చూసుకుంటూ కూర్చున్నాను. ఎదుటి సీటు ఒడియా ముసలాయన "ధళా దాగొ?" (తెల్ల మచ్చా?) అని అడిగాడు. నేను నల్ల చుక్కలు చూపించాను.

ఇప్పుడు ఒక్కో పద్ధతి గురించి.

టెస్ట్ నిలిచాక పంచ్ గ్రాఫ్టింగ్ మళ్లీ పిక్క మీదే చేశారు. తొడ పైభాగం నుంచి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గుండ్రటి ముక్కలు తీసి, మచ్చలో అలాంటి గుంతలే చేసి నాటుతారు. వరినాట్లు వేసినట్టు ఎడం ఉంచి నాటితే, ఒక్కోదాని నుంచి రంగు పాకి పక్కదానితో కలుస్తుంది. నాకు కలవడానికి ఎనిమిది నెలలు పట్టింది. చవక, త్వరగా అయిపోతుంది. కానీ చేత్తో తడిమితే ఇప్పటికీ గులకరాళ్లు పరిచినట్టు ఎగుడుదిగుడు తెలుస్తుంది. పిక్క కాబట్టి సరిపోయింది. ముఖానికి మాత్రం నేను ఒప్పుకోను, అది కూడా ఫోటోలు దిద్దేవాడిగా చెబుతున్నాను: పక్క నుంచి లైటు పడితే రంగు కన్నా ముందు ఆ గడ్డలే కనిపిస్తాయి.

పెదవికి సక్షన్ బ్లిస్టర్ చేశారు. నా నలుగురిలో తిరిగే మొహాన్ని కాపాడింది ఇదే. తొడ మీద పిస్టన్ తీసేసిన సిరంజిలు బోర్లించి, పైన మూడుదారుల ట్యాప్ పెట్టి, పెద్ద సిరంజితో గాలి లాగేస్తారు. రెండున్నర గంటలు కదలకుండా పడుకోవాలి. మెల్లగా ఒక్కో సిరంజి లోపల నీటిబుడగ లేస్తుంది, పూరీ పొంగినట్టు. ఆ బుడగ పైపొరను సన్నని కత్తెరతో కోసి, గాజు స్లైడు మీద తిరగేసి పరిచి, అప్పటికే పైపొర గీరేసిన పెదవి మీద పెడతారు. ఏ వైపు పైన, ఏ వైపు కింద అన్నది తేడా వస్తే అతుక్కోదట, నర్సమ్మ ఆ స్లైడుని రెండుసార్లు చూసుకున్నారు. పెదవి గీరితే నోటిపూత లాంటి పొక్కులు లేచే ప్రమాదం ఉందని ముందునుంచే దానికి మాత్రలు రాశారు. వారం రోజులు స్ట్రాతో గంజి, మజ్జిగ. మాట్లాడకూడదు. మా ఆవిడ "ఇదే ప్రశాంతంగా ఉందండీ" అంది.

తొమ్మిదో రోజు ఆ అతికించిన పొర కాస్తా పొట్టులా ఊడి పక్కగుడ్డ మీద పడింది. ఇక అయిపోయిందనుకుని ఏడ్చేశాను. ఫోన్ చేస్తే డాక్టరు గారు నవ్వి, పొర ఊడటం మామూలేనని, రంగునిచ్చే కణాలు అప్పటికే కిందికి దిగి ఉంటాయని చెప్పారు. ఈ ఒక్క ముక్క ఆపరేషన్‌కి ముందే చెప్పి ఉంటే నాకు ఆ రాత్రి టెన్షన్ తప్పేది. నెల తిరిగేసరికి గులాబీరంగు పెదవి మీద నల్లగా చారలు మొదలయ్యాయి. కొన్నాళ్లు చుట్టూ ఉన్న రంగు కన్నా ముదురుగా ఉండి ఏడాదికి కలిసిపోయింది. తొడ మీద గాయపు మచ్చ కూడా లేదు.

మెడ మచ్చ పెద్దది, దాదాపు అరచేయంత. అంత చోటికి బుడగలు చాలవు. 2022లో సెల్ సస్పెన్షన్ చేయించాను. తొడ నుంచి మచ్చలో పదో వంతు సైజులో, ఉల్లిపొర కన్నా పలచటి చర్మం తీశారు. దాన్ని ట్రిప్సిన్ అనే ఎంజైములో ఒంటి వేడి దగ్గర ముప్పావుగంట నానబెట్టి, కణాలు విడదీసి, మిషన్‌లో తిప్పి, నాలుగు చుక్కల ద్రవం చేశారు. మెడ మీద పైపొరను సన్నసన్నగా నెత్తురు చుక్కలు పొడిచేదాకా అరగదీసి, ఆ ద్రవం పోసి, పైన కొలాజెన్ పొర వేసి కట్టు కట్టారు. వారం రోజులు తల తిప్పకూడదు. ఫోటోగ్రాఫర్‌కి అదెంత కష్టమో అడగొద్దు, షాపు మా బావమరిది చూసుకున్నాడు. కట్టు విప్పితే మెడ ఎర్రగా, పచ్చిగా ఉంది. ఆరో వారంలో రంగు మొదలైంది, ఆరునెలలకు ఎంత కలిసిందంటే నా ఫోటోలో నేనే దిద్దాల్సిన పనిలేదు. అంచు వెంబడి దారంలా తెల్లగీత ఒకటి మిగిలింది. ఖర్చు పంచ్‌కి మూడింతల పైనే అయింది, పైగా ఈ పద్ధతి తెలిసినవాళ్లు చిన్న ఊళ్లలో దొరకరు.

ఆపరేషన్ ఏదైనా తర్వాత వెలుతురు వైద్యం చేయించుకోవాలి. 311 నానోమీటర్ల నారోబ్యాండ్ లైటు (ఒక రకం అతినీలలోహిత కిరణాలు), వారానికి రెండు మూడుసార్లు. పర్లాకిమిడి నుంచి విశాఖకి వారానికి మూడుసార్లు వెళ్తే షాపు మూసుకోవడమే. పిక్కకి మొదటి నెలల్లో ఎండే గతి అయింది, రంగు అంత నెమ్మదిగా పాకడానికి అదే కారణమని నా అనుమానం. తర్వాత చేత్తో పట్టుకునే చిన్న మిషన్ కొన్నాను. సెకన్లు లెక్కపెట్టి, డాక్టరు గారు చెప్పినట్టే పెంచుకుంటూ పోయాను. ఒకసారి ఫోన్ ఎత్తి మర్చిపోతే మెడ కమిలిపోయి పది రోజులు ఆపాల్సి వచ్చింది. అలారం పెట్టుకోండి.

వేళ్ల కొసలకు మాత్రం డాక్టరు గారు చేయనన్నారు. అక్కడ ముక్కలు సరిగా నిలవవు, నిలిచినా రంగు పాకదు అన్నారు. నేను పట్టుబట్టాను, ఆయన వినలేదు. ఇప్పుడు అందుకు ఆయన మీద కోపం లేదు. మొన్న పాతపట్నం నుంచి ఒకావిడ ఫోటోలకొచ్చి, నా వేళ్లు చూసి, డబ్బులు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. చిల్లర నేనూ బల్ల మీదే పెట్టాను.