మార్చి ఆఖర్లో గుల్మార్గ్ మంచు: పదింటికి ఒకటి, రెండింటికి ఇంకోటి

ఇంటర్ పరీక్షలు అయ్యాక పిల్లల్ని తీసుకుని భీమవరం, అమలాపురం వైపు నుంచి కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లేవాళ్లకి కింద మైదానంలో జనవరి నాటి పొడి మంచు సాధారణంగా దొరకదు. దొరికేది పగలు కరిగి రాత్రి గడ్డకట్టే మంచు. స్కీ నేర్చుకోడానికి అది చెడ్డదేం కాదు, గడియారం చూసుకుని దిగితే.

రాత్రి ఆకాశం తేటగా ఉంటే తెల్లారేసరికి వాలంతా రొయ్యల పెట్టెల్లో కొట్టే ఐసు దిమ్మే. స్కీ అంచు అందులో దిగదు, పడితే తుంటి అదిరిపోతుంది. ఎండెక్కేకొద్దీ పైన ఓ అంగుళం వదులై కల్లుప్పులా విడిపోతుంది. అసలు సరుకు ఇదీ! తిప్పితే తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది. ఎండ బాగుంటే సుమారుగా పది నుంచి పన్నెండు దాకా. తూర్పు వాలు ముందు వదులవుతుంది, పడమటిది ఆలస్యంగా. ఒంటిగంట దాటాక కింద మైదానం దమ్ము చేసిన చేనే. స్కీ అతుక్కుపోతుంది, ఒళ్లు మాత్రం ముందుకి పోతుంది. మోకాలు మెలితిరిగేది ఇలాంటప్పుడే. బూటు చీలమండ దాటి దిగుతోందంటే ఆ పూటకి చాలించి టీ తాగడం మేలు.

మబ్బు పట్టిన రాత్రి ఈ లెక్క పనిచేయదు. నేల వేడి పైకి పోక మంచు సరిగ్గా గడ్డకట్టదు. పైన పలచటి పెంకు కట్టి లోపల మెత్తగా మిగిలితే మరీ పేచీ, పూతరేకులా చిట్లి కాలు లోపలికి పోతుంది.

మైదానం ఎత్తు సుమారు 2,650 మీటర్లు. గొండోలా, అంటే తీగ మీద నడిచే కేబుల్ కారు, మొదటి దశ మధ్యలో కొంగ్‌డోరి స్టేషన్ దాకా, రెండోది అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటి. వెయ్యి మీటర్లకి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి కింద బురదైన రోజున కూడా పైన పొడి మంచు ఉండొచ్చు. ఆశపడి కొత్తవాళ్లు స్కీలతో ఎక్కొద్దు. పైవి చదును చేసిన వాలులు కావు. మధ్యాహ్నం వాలు మీద మంచు ముద్దలు చుట్టుకుంటూ దొర్లుతున్నాయంటే తడిమంచు జారబోతోందని గుర్తు, ఎంత నేర్పరైనా పక్కకి రావాలి. రెండు దశలకీ టికెట్లు వేరు, ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. గాలి ఎక్కువైతే రెండోది ఆపేస్తారు.

అద్దె సామాన్ల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. స్కీ పొడవు గడ్డం దాకా ఉంటే కొత్తవాళ్లకి చాలు. అంచు మీద బొటనవేలి గోరు అడ్డంగా రాస్తే సన్నగా పొట్టు రాలాలి, లేదంటే పొద్దుటి ఐసు మీద అది కర్రముక్కే. అడుగుభాగం తెల్లగా ఎండినట్టుంటే మైనం పట్టలేదని అర్థం. తడిమంచుకి వేడి వాతావరణం మైనం అడిగి పట్టించుకోవాలి. బూటులో ఒకే జత ఉన్ని మేజోళ్లు. రెండు జతలేస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. జీన్సు వద్దు, అరగంటలో నీళ్లు పీల్చేస్తుంది. నీళ్లు దిగని ప్యాంటు అద్దెకి తీసుకోండి.

పదింటి మంచుకి ఐదుకి నాలుగున్నర మార్కులు. మూడింటి మంచుకి ఒకటి, అదీ పిల్లలు ముద్దలు విసురుకోడానికి పనికొస్తుంది గనక. సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద కూడా రాయండి, మంచు మీద పడిన ఎండ కింద నుంచి కూడా కొడుతుంది.