స్మార్ట్‌వాచా, మెకానికల్ వాచా: వాచీలంటే ఇష్టమున్నవారికి ఏది మేలు?

చేతిలో పాతిక ముప్పై వేలున్నాయి. ఒక్క వాచీయే కొనాలి. ఈ డబ్బుకు ఆపిల్ వాచ్ ఎస్‌ఈ దొరుకుతుంది, లేదంటే శాంసంగ్ గెలాక్సీ వాచ్. ఇంచుమించు అంతే డబ్బుకు సీకో 5 స్పోర్ట్స్ ఆటోమేటిక్ కూడా వస్తుంది, అంటే చేతి కదలికకే దానంతటదే కీ ఎక్కే మెకానికల్ వాచీ. వాచీల పిచ్చి కొత్తగా పట్టిన కుర్రాళ్ళు చాలామంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: వాచీ మీద ఇష్టంతో కొంటున్నట్లయితే మెకానికల్ వాచీయే కొనండి. కానీ స్మార్ట్‌వాచీకే డబ్బు పెట్టాల్సిన ఇళ్ళు కూడా ఉన్నాయి. అవి ఎలాంటివో కిందికి వస్తే తెలుస్తుంది.

టైము సంగతి త్వరగా తేల్చేద్దాం, అందులో పోటీయే లేదు. సీకో 5 స్పోర్ట్స్‌లో ఉండే 4ఆర్36 మెషీన్ రోజుకు 45 సెకన్లు ముందుకైనా, 35 సెకన్లు వెనక్కైనా పోవచ్చని ఆ కంపెనీయే రాసి ఇస్తుంది. స్విట్జర్లాండ్‌లో కాస్క్ అనే సంస్థ మెషీన్లను 15 రోజులు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తుంది. అక్కడ నెగ్గాలన్నా సగటున రోజుకు 4 సెకన్ల వెనక, 6 సెకన్ల ముందు అనే హద్దు ఉంది, అంతేగానీ సున్నా తేడా ఎవరూ అడగరు. స్మార్ట్‌వాచీ నెట్ నుంచి టైము సరిచేసుకుంటూ ఉంటుంది కాబట్టి అందులో తేడా మన కంటికి కనిపించదు. కచ్చితమైన టైమే కావాలంటే స్మార్ట్‌వాచీ గెలిచినట్టే. మాటకొస్తే జేబులోని ఫోను కూడా గెలిచినట్టే.

అయినా ఆ 45 సెకన్లను ఇంకోవైపు నుంచి చూడండి. రోజుకు 86,400 సెకన్లు. అందులో 45 సెకన్ల తేడా అంటే వందకు 99.95 పాళ్ళు సరిగ్గా నడిచినట్టు. బ్యాటరీ లేదు, చిప్ లేదు. చుట్టిపెట్టిన ఒక ఉక్కు స్ప్రింగు విచ్చుకునే బలం పళ్ళ చక్రాల గుండా ప్రయాణించి చివరికి బ్యాలెన్స్ వీల్ దగ్గరికి చేరుతుంది. వెంట్రుక లాంటి సన్నని స్ప్రింగు పట్టుకుని ఆ చక్రం అటూ ఇటూ ఊగుతుంది. 4ఆర్36లో అది గంటకు 21,600 సార్లు, అంటే సెకనుకు 6 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు లెక్కేస్తే 5,18,400. మనం నడుస్తున్నా, బస్సులో కునుకు తీస్తున్నా, మే నెల ఎండలో తిరుగుతున్నా అది ఆ లెక్క తప్పకూడదు. ఇరుసులు ఆనే చోట అరుగుదల తగ్గించడానికి కృత్రిమ కెంపు రాళ్ళు పెడతారు. డయల్ మీద 17 జ్యువెల్స్, 24 జ్యువెల్స్ అని రాసి ఉండేది వాటి గురించే. వెనక మూత గాజుదైతే ఇదంతా కళ్ళారా చూడొచ్చు. ఈ పని చూసి మనసు నిలిచిపోయేవాళ్ళకు టైములో అర నిమిషం తేడా పెద్ద విషయం కాదు.

స్మార్ట్‌వాచీలో ఇలాంటి అద్భుతం లేదనడం అన్యాయమే అవుతుంది. అడుగున మెరిసే పచ్చ లైటు చర్మం మీద పడుతుంది. రక్తం పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది కనుక గుండె కొట్టుకున్న ప్రతిసారీ తిరిగి వచ్చే వెలుతురు కొంచెం మారుతుంది. ఆ మార్పును పట్టుకుని గుండె వేగం లెక్కగడతారు. గొప్ప తెలివే అది. కాకపోతే అది కంటికి కనబడదు, చేతికి అందదు. స్క్రీన్ మీద ముళ్ళ గడియారం బొమ్మ పెట్టుకున్నా అది బొమ్మే.

అసలు తేడా ఆయుష్షు దగ్గర వస్తుంది. నేను ఎక్కువ చెప్పదలచుకున్నదీ దీని గురించే.

2015లో ఆపిల్ తన మొదటి వాచీలతో పాటు 18 క్యారెట్ల బంగారంతో ఒక రకం తెచ్చింది. ధర 10,000 డాలర్ల నుంచి 17,000 డాలర్ల దాకా పలికింది. లోపల ఉన్నదేమో చవక మోడల్‌లో పెట్టిన చిప్పే. 2018లో ఆపిల్ వాచీల కొత్త సాఫ్ట్‌వేర్ వాచ్‌ఓఎస్ 5 వచ్చినప్పుడు ఆ మొదటి తరం వాచీలన్నిటికీ అప్‌డేట్ ఆగిపోయింది, బంగారంవీ అందులోనే. మూడేళ్ళు. పెబుల్ అనే స్మార్ట్‌వాచీది మరో కథ. 2012లో జనం కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో కోటి డాలర్లకు పైగా పోసి ఆ వాచీని నిలబెట్టారు. 2016లో ఆ కంపెనీ ఫిట్‌నెస్ బ్యాండ్లు చేసే ఫిట్‌బిట్ చేతికి పోయింది, 2018లో సర్వర్లు ఆగాయి. వాచీ ముక్కలు కాలేదు, నీళ్ళలో పడలేదు. దాన్ని నడిపే వ్యవస్థ ఎక్కడో ఆగిపోయింది, అంతే.

బ్యాటరీ కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఆపిల్ చెప్పేదాని ప్రకారం వాచీ బ్యాటరీ 1,000 సార్లు పూర్తిగా చార్జ్ అయ్యాక 80 శాతం దాకా సామర్థ్యం నిలుపుకుంటుంది. ఎస్‌ఈ లాంటి వాచీకి మామూలు వాడకంలో వచ్చేది 18 గంటలు, కాబట్టి రోజూ చార్జింగ్ తప్పదు. మూడేళ్ళు తిరగకుండానే ఆ వెయ్యి అయిపోతాయి.

ఇప్పుడు హెచ్‌ఎంటీ చూడండి. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ అది. జనతా, పైలట్, సోనా, కోహినూర్ అన్నీ కీ ఇచ్చే వాచీలే. ఒకప్పుడు మన పెళ్ళిళ్ళలో అల్లుడికి పెట్టేవాటిలో వాచీ ఉండి తీరేది, చాలా ఇళ్ళలో అది హెచ్‌ఎంటీయే. 80ల చివర్లో బ్యాటరీతో నడిచే టైటాన్ క్వార్ట్జ్ వాచీలు వచ్చాయి. అవి సన్నగా, అందంగా ఉండేవి, కీ ఇచ్చే పని లేదు, టైమూ సరిగ్గా చూపించేవి. జనం అటు మళ్ళడం తప్పేమీ కాదు. 2016లో కేంద్ర ప్రభుత్వం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. కంపెనీ పోయింది గానీ వాచీలు పోలేదు. బీరువాలో ఇరవై ఏళ్ళు పడున్న జనతాను తీసి సర్వీసింగ్ చేయిస్తే, లోపల తుప్పు పట్టి ఉండకపోతే చాలు, ఈ రోజుకీ నడుస్తుంది. సర్వీసింగ్ అంటే మెషీన్‌ను పూర్తిగా విప్పి, గట్టిపడిన పాత నూనె కడిగేసి, కొత్త నూనె వేసి బిగించడం. తయారు చేసిన కంపెనీయే లేకపోయినా వస్తువు బతికి ఉండటం అనే ఈ గుణం స్మార్ట్‌వాచీల్లో అరుదు.

అయితే మెకానికల్ వాచీకి ఉన్న పెద్ద ఇబ్బందీ ఇక్కడే ఉంది. దాన్ని బతికించే మనిషి కావాలి. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే వాచ్ మెకానిక్‌లు మన ఊళ్ళలో తగ్గిపోతున్నారు. ఉన్న చాలా దుకాణాల్లో బ్యాటరీలు మార్చడం, పట్టీలు వేయడమే పని. పనివాడు దొరకని ఊళ్ళో ఉంటే, సర్వీసింగ్‌కు వాచీని పెద్ద ఊరు పంపే ఓపిక ఉందో లేదో కొనేముందే ఆలోచించుకోవాలి. నాలుగైదేళ్ళకోసారి ఆ ఖర్చు ఉంటుంది. మామూలు ఆటోమేటిక్‌కు అది మోయలేనంత కాదు గానీ, ఖరీదైన స్విస్ వాచీకి సర్వీసింగ్ చేయించే డబ్బుతో ఇంకో వాచీ కొనొచ్చు.

ఆరోగ్యం మాటకు వద్దాం. ఇక్కడ మెకానికల్ వాచీకి చోటు లేదు. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు బాత్‌రూంలో జారి పడితే, ఆ పడటాన్ని ఆపిల్ వాచీ పసిగట్టగలదు. సుమారు నిమిషం పాటు కదలిక లేకపోతే ఎమర్జెన్సీకి ఫోన్ చేసి, ముందే ఇచ్చిన నంబర్లకు కబురు పంపుతుంది. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, అమ్మానాన్నలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉండే ఇళ్ళు మనకు ఎన్నో. అలాంటి ఇంట్లో వాచీకి డబ్బు పెట్టాలంటే నేను రెండో ఆలోచన లేకుండా స్మార్ట్‌వాచీయే కొనమంటాను. అయితే ఆపిల్ వాచీ ఐఫోన్‌తోనే పనిచేస్తుంది. నాన్నగారి చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అది కొని లాభం లేదు, ఈ సదుపాయం ఉన్న ఆండ్రాయిడ్ వాచీ వెతకాలి.

కొన్ని హద్దులు గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈసీజీ ఎస్‌ఈ మోడల్‌లో లేదు, పై మోడళ్ళలోనే ఉంది. ఉన్నవాటిలోనూ అది గుండె లయ తప్పడాన్ని పట్టుకోవడానికే. గుండెపోటును గుర్తించలేదని ఆపిల్ తనే స్పష్టంగా రాసింది. ఛాతీలో నొప్పి వస్తే వాచీ చూసుకుంటూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామని అమ్మే వాచీల సంగతి ఇంకా ప్రమాదం. అలాంటి వాచీని గానీ ఉంగరాన్ని గానీ తాము ఒక్కదాన్నీ ఆమోదించలేదని, వాటిని నమ్మవద్దని 2024 ఫిబ్రవరిలో మందులు, వైద్య పరికరాలను ఆమోదించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆ తప్పుడు అంకె చూసి ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రోజువారీ వాడకంలో ఎవరి ఇబ్బందులు వారివి. స్మార్ట్‌వాచీ మెసేజ్ వచ్చిన ప్రతిసారీ మణికట్టు మీద తడుతుంది. నోటిఫికేషన్లు చాలావరకు ఆపేయకపోతే అదే పెద్ద టెన్షన్. మెకానికల్ వాచీని స్పీకర్ల పక్కన, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ల మీద పెట్టకూడదు. సన్నని స్ప్రింగుకు అయస్కాంతం పట్టి వాచీ ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడుతుంది. కంగారు పడనక్కర్లేదు, మెకానిక్ దగ్గర క్షణాల్లో సరవుతుంది. తేదీ ఉన్న వాచీ అయితే రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 దాకా తేదీ తిప్పవద్దు, లోపల పళ్ళు విరగొచ్చు. విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల చెమటకు తోలు పట్టీ ఒక్క వేసవికే కంపు కొడుతుంది. అక్కడ స్టీలు గొలుసో నైలాన్ పట్టీయో నయం. రెండు రకాల వాచీలకూ ఇది వర్తిస్తుంది.

రోజూ పరిగెత్తేవాళ్ళు, ఈత కొట్టేవాళ్ళు, బరువు తగ్గే పట్టుదలలో ఉన్నవాళ్ళు స్మార్ట్‌వాచీ తీసుకోండి. అందులోని లెక్కలు మీకు రోజూ పనికొస్తాయి. కాకపోతే దాన్ని నాలుగైదేళ్ళ వస్తువుగానే లెక్కేసుకుని కొనండి. బంగారు రంగు, టైటానియం అంటూ పైపై మెరుగులకు డబ్బు పోయవద్దు, ఆ కేసు ఎంత గట్టిదైనా లోపలి బ్యాటరీ అంతకాలం ఉండదు. రెండూ కావాలనిపిస్తే చవకలో ఒక ఫిట్‌నెస్ బ్యాండ్ తీసుకుని వ్యాయామం అప్పుడే పెట్టుకోండి, మిగతా డబ్బంతా ఆటోమేటిక్ మీద పెట్టండి. వాచీ ఇష్టంతో అడిగేవారికి నేను చెప్పేది ఈ దారే.

బడ్జెట్ మరీ తక్కువైతే సీకో దాకా పోనక్కర్లేదు, పాత హెచ్‌ఎంటీతో మొదలుపెట్టండి. కానీ ఆన్‌లైన్‌లో అమ్మే పాతవాటిలో డయల్‌కు మళ్ళీ రంగు వేసినవే ఎక్కువ. నారింజ, చిలకపచ్చ లాంటి మెరిసే రంగుల్లో కొత్తగా తళతళలాడే పైలట్ కనబడితే అనుమానించండి. డయల్ మీది అక్షరాలను ఫోటోలో పెద్దవి చేసి చూడండి. అంచులు అలుక్కుపోయినా, గీతలు వంకరగా ఉన్నా అది తర్వాత వేసినదే. వెనక మూత తీసిన ఫోటో అడగండి, మెషీన్ మీద హెచ్‌ఎంటీ ముద్ర, నంబరు కనబడాలి. ఫోటో పంపనంటే ఆ వాచీ వదిలేయండి. అన్నిటికన్నా ముందు మీ ఇంటి బీరువా, ఆ తర్వాత మీ అమ్మమ్మ ఇంటి బీరువా వెతకండి. అక్కడ దొరికేదానికి ఏ ఫోటో పరీక్షా అక్కర్లేదు.