పిల్లి పిల్లిగానే ఉండే పరిశోధన

పిల్లి ఉన్న మిస్టరీ నవల చేతికి వస్తే ముందుగా ఆ పిల్లిని పరీక్షిస్తాను. పిలవగానే పరుగెత్తుకుని వస్తోందంటే నాకు అనుమానం మొదలవుతుంది. మూసిన తలుపు ముందు కూర్చుని గొడవ చేసి, తీరా తలుపు తీశాక గడప మీదే నిలబడిపోయిందంటే, ఈ రచయిత పిల్లితో కలిసి బతికిన మనిషే అని నమ్మకం కుదురుతుంది. హంతకుడి సంగతి ఆ తరువాత. నా ఇంట్లో రెండు పిల్లులున్నాయి, ఒకటి బూడిద రంగుది, ఇంకొకటి మూడు రంగులది. వాటిని పక్కన పెట్టుకుని చదువుతాను కాబట్టి పుస్తకంలోని పిల్లి అబద్ధమైతే ఇట్టే తెలిసిపోతుంది.

ఈ పరీక్షలో అన్నిటికంటే పైన నిలిచింది లిలియన్ జాక్సన్ బ్రౌన్ రాసిన ‘ద క్యాట్ హూ’ నవలల వరుస. 1966లో మొదలై 2007 దాకా సాగిన 29 నవలలు. అన్నీ చదివాను, కొన్నింటిని మళ్లీ మళ్లీ చదివాను. వాటిలో చాలా మంచివి ఉన్నాయి, ఫరవాలేదనిపించేవి ఉన్నాయి, చదవకపోయినా నష్టం లేనివీ ఉన్నాయి.

నేను నర్సును. చాలా ఏళ్లు రాత్రి డ్యూటీలు చేశాను. రక్తం, గాయాలు, చివరి ఊపిరి నా ఉద్యోగంలో భాగం. ఇంటికి వచ్చాక పుస్తకంలో కూడా వాటినే పేజీలకు పేజీలు వర్ణిస్తే చదవలేను. కోజీ మిస్టరీలనే ఈ నవలల్లో హత్య తెర వెనుక జరుగుతుంది. పోలీసు కాని ఒక మామూలు మనిషి, లైబ్రేరియనో విలేకరో తపాలా ఉద్యోగినో, తనకు తెలిసిన చిన్న లోకంలో నలుగురినీ గమనించి నిజం తేలుస్తారు. అయితే హాయిగా చదివించే పుస్తకమైనా సరే, చావును తేలిగ్గా తీసుకోకూడదు. పోయిన మనిషికి ఒక పేరు, ఒక పని, ఆ మనిషి లేని వెలితి తెలిసేవాళ్లు ఉండాలి. ఈ విషయంలో నేను రాజీపడను. బ్రౌన్ తొలి నవలలు ఇక్కడ కూడా నిలబడతాయి.

కథానాయకుడు జిమ్ క్విల్లరన్, నడివయసు పాత్రికేయుడు. ఒకప్పుడు పేరున్న క్రైమ్ రిపోర్టర్. విడాకులు, తాగుడు అతన్ని కిందికి లాగేశాయి. తాగుడు మానేసి, బతుకు మళ్లీ మొదలుపెడదామని ఒక దినపత్రికలో చేరితే చిత్రకళ గురించి రాయమంటారు. దాని గురించి అతనికి ఏమీ తెలియదు. అద్దెకు దిగింది ఒక కళా విమర్శకుడి ఇంట్లో. ఆ విమర్శకుడు పెంచుకునే సయామీస్ పిల్లి పేరు కోకో. అది పేపరు శీర్షిక మీద ముక్కు ఆనించి కుడి నుంచి ఎడమకు కదులుతుంది. మొదటి నవల పేరులో ‘వెనక నుంచి చదవగల పిల్లి’ అన్నది ఇందుకే. కోకో చదువుతోందా, సిరా వాసన చూస్తోందా? రచయిత్రి చెప్పరు.

అలా చెప్పకపోవడమే ఈ నవలలకు ప్రాణం. కోకో మనుషుల భాషలో ఒక్క మాట మాట్లాడదు. అరలోంచి పుస్తకాన్ని కింద పడేస్తుంది. అందరూ దాటిపోయే ఒక మూల దగ్గర ఆగి పట్టుదలగా వాసన చూస్తుంది. టైప్‌రైటర్ మీటల మీద కాలు వేస్తుంది. వేళకాని వేళ గొంతు చించుకుని అరుస్తుంది. ఇవన్నీ ఏ పిల్లైనా చేసే పనులే. మా బూడిదది ఏదో ఒక వస్తువును బల్ల అంచు దాకా నెట్టి, ఆగి నా ముఖం చూసి, అప్పుడు కింద పడేస్తుంది. క్విల్లరన్ చేసేదల్లా కోకో చేసిన పనిని తన మనసులో అప్పటికే కదులుతున్న అనుమానం పక్కన పెట్టి చూడటం. అలాంటప్పుడు అతని ఒత్తయిన మీసం దగ్గర చురుక్కుమంటుంది.

1988లో వచ్చిన ఒక నవలలో కోకో షేక్‌స్పియర్ సంపుటాల మీద పడుతుంది. ఒక్కొక్కటీ అరలోంచి కిందికి నెడుతుంది. వాటిలో ‘హామ్లెట్’ ఒకటి. ఆ నాటకంలోని కుటుంబం, ఆ ఊళ్లోని ఒక కుటుంబం క్విల్లరన్ మనసులో పక్కపక్కన వచ్చి నిలుస్తాయి. పిల్లి చెప్పిందా, మనిషి అనుకున్నాడా? ఎన్నిసార్లు చదివినా నేను తేల్చుకోలేదు, తేల్చుకోవాలని కూడా లేదు. వార్డులో మాట పడిపోయిన రోగుల దగ్గర మేము చేసే పని ఇలాంటిదే. చేయి ఎక్కడ పెట్టుకుంటున్నారు, ఎటు తిరిగి పడుకుంటున్నారు, ఏ పని చేస్తున్నప్పుడు ముఖం చిట్లిస్తున్నారు, వీటి నుంచే నొప్పి ఎక్కడో పట్టుకోవాలి. అందుకే క్విల్లరన్ పద్ధతి నాకు గాలిలో మేడలా అనిపించదు. మాట్లాడలేని ప్రాణిని ఓపికగా చూసే మనిషి అతను. ఆ చూపు కోసమే ఈ పుస్తకాలను ఇష్టపడతాను.

పైగా పిల్లికి మనకు లేని సాధనాలున్నాయి. మనిషి చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకా వింటే పిల్లి చెవి 60 దాటి వింటుంది. నోరు కొంచెం తెరిచి, అంగిలి పైన ఉండే జాకబ్సన్ అవయవంతో వాసనను ఇంకోసారి పరీక్షిస్తుంది. కాబట్టి మనుషులు పట్టించుకోని మరకను కోకో పట్టుకుంటే అందులో మంత్రమేమీ లేదు. రెండో నవలలో ఉన్ని బట్టలకు పడుతున్న చిల్లులు కూడా కల్పన కోసం పుట్టించినవి కావు. ఉన్నిని చీకడం, నమలడం సయామీస్ జాతిలో ఎక్కువగా కనిపించే అలవాటు. యమ్ యమ్ అనే ఆడపిల్లి ఈ ఇంటికి చేరేది కూడా ఆ నవలలోనే. యమ్ యమ్ కేసులేవీ ఛేదించదు. మెరిసే చిన్న వస్తువులు ఎత్తుకుపోతుంది, ఒళ్లో పడుకుంటుంది. కోకో తెలివి ఎంత ఉన్నా, ఇంటికి ఇల్లు అనే వెచ్చదనం తెచ్చింది యమ్ యమ్ అని నా అభిప్రాయం.

ఈ నవలల వెనుక ఒక దుఃఖం ఉంది. బ్రౌన్ పెంచుకున్న సయామీస్ పిల్లి పదో అంతస్తు కిటికీ నుంచి పడి చనిపోయింది. ఆ బాధలోంచి ఆమె ఒక చిన్న కథ రాశారు. 1962లో ఎల్లెరీ క్వీన్స్ మిస్టరీ మ్యాగజైన్ దాన్ని అచ్చువేసింది. తరువాత వచ్చిన నవలలు ఎంత సరదాగా సాగినా, పిల్లి క్షేమం గురించి క్విల్లరన్ పడే ఆదుర్దా మాత్రం అరువు తెచ్చుకున్నది కాదు. తలుపు తెరిచి ఉందేమో, కిటికీ వేశామో లేదో అన్న భయం పేజీ పేజీలో ఉంటుంది. పిల్లుల్ని పెంచేవాళ్లందరికీ తెలిసిన భయం అది.

1968లో మూడో నవల వచ్చాక 18 ఏళ్లు ఒక్కటీ రాలేదు. 1986లో నాలుగోది, ‘ద క్యాట్ హూ సా రెడ్’. నా లెక్కలో అన్నిటికంటే మంచిది ఇదే. కుమ్మరి కళాకారులు, వంటల మీద మోజున్నవాళ్లు కలిసి ఉండే ఒక వింత ఇంట్లోకి క్విల్లరన్ అద్దెకు వస్తాడు. అక్కడ ఒకప్పుడు తాను ప్రేమించిన స్త్రీ ఎదురవుతుంది. కొన్నాళ్లకే ఆమె కనిపించకుండా పోతుంది. అతని వెతుకులాటలో తెలివి కంటే దిగులు ఎక్కువ. పోయిన మనిషికి బరువు ఉండాలని పైన అన్నాను కదా, అది పూర్తిగా ఇచ్చిన నవల ఇది.

తరువాతి నవలల్లో కథ మూస్ కౌంటీకి మారుతుంది. ‘అన్నిటికీ 400 మైళ్లు ఉత్తరాన’ ఉందని చెప్పుకునే కల్పిత ప్రాంతం. అక్కడ పికాక్స్ అనే ఊరు, జనాభా 3,000. క్విల్లరన్‌కు పెద్ద ఆస్తి దక్కుతుంది, అయితే అయిదేళ్లు ఆ ప్రాంతంలోనే ఉండాలన్న షరతు మీద. డబ్బు మీద మోజు లేని అతను దాన్ని ఊరి మంచికి ఖర్చుపెట్టే నిధిగా మార్చేస్తాడు. లైబ్రేరియన్ పాలీ డంకన్‌తో స్నేహం, నాటక ప్రదర్శనలు, మంచు తుఫానులు, కొత్త పత్రిక. దాదాపు 30 ఏళ్లు డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్‌లో పనిచేసిన బ్రౌన్‌కు పత్రికాఫీసు ఎలా ఊపిరి పీలుస్తుందో తెలుసు. ఆ సన్నివేశాలు చివరి దాకా బాగున్నాయి.

మిస్టరీ మాత్రం చివరి దాకా నిలబడలేదు. ఇరవై నవలలు దాటాక హత్య ఒక వార్తలా వచ్చి వెళ్లిపోతుంది. పోయినవాళ్ల ముఖం మనకు గుర్తుండదు. ఊళ్లో వేడుకల వివరాలు పెరిగి, దర్యాప్తు రెండు మూడు పేజీలకు కుదించుకుపోతుంది. నాకు ఎక్కువ బాధ కలిగించింది కోకో విషయం. ఒకప్పుడు ఏ పిల్లైనా చేసే పనిని అనుమానంగా మార్చిన రచయిత్రి, తరువాత దానికి అతీంద్రియ శక్తి ఉందని దాదాపు ఒప్పేసుకున్నారు. చివరి నవల పేరే కోకోకు 60 మీసాలున్నాయన్న సంగతి మీద పెట్టారు. కారణం చెప్పేశాక అద్భుతం చిన్నదైపోయింది. అప్పటికి బ్రౌన్ వయసు 90 దాటింది. ఆ వయసులో రాయడం గౌరవించదగ్గ విషయమే, అయినా ఆ పుస్తకాలు కొనమని ఎవరికీ చెప్పలేను.

ఈ దారిలో మిగతా రచయితలవీ కొన్ని చదివాను. రీటా మే బ్రౌన్ 1990లో మొదలుపెట్టిన వరుసలో పుస్తకాల మీద ఆమె పిల్లి స్నీకీ పై పేరు కూడా ఉంటుంది. వర్జీనియాలోని క్రోజెట్ ఊరి తపాలా కార్యాలయం, మిసెస్ మర్ఫీ అనే పిల్లి, టకర్ అనే కుక్క. జంతువులు తమలో తాము మాట్లాడుకుంటాయి, మనుషులకు అర్థం కాదు. నిజం తెలిసినవాళ్లకు నోరు లేకపోవడం మంచి ఊహే. కానీ వాటి మాటలు మరీ మనుషుల మాటల్లా ఉన్నాయి. షర్లీ రూసో మర్ఫీ సృష్టించిన జో గ్రే అయితే పోలీసులకు ఫోన్ చేసి సమాచారం ఇస్తుంది. చాలామందికి ఇష్టం, నా పరీక్షలో నిలవలేదు.

మిరాండా జేమ్స్ 2010లో మొదలుపెట్టిన వరుస మాత్రం నాకు దగ్గరైంది. మిసిసిపీలోని ఒక కల్పిత పట్టణంలో చార్లీ హారిస్ అనే లైబ్రేరియన్, అతని వెంట తాడు కట్టుకుని నడిచే డీజిల్ అనే భారీ మెయిన్ కూన్ పిల్లి. డీజిల్ ఆధారాలేవీ చూపించదు. గదిలో ఎవరు ఏడుస్తుంటే వాళ్ల దగ్గరికి వెళ్లి ఆనుకుంటుంది. ఆ పని ఎంత పెద్దదో ఆసుపత్రిలో పనిచేసినవాళ్లకు తెలుసు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లిలియన్ బ్రౌన్ మొదటి నాలుగు నవలలు వరుసగా చదవండి. కోకో ఎలా వచ్చింది, యమ్ యమ్ ఎలా చేరింది అన్నవి తెలియకుండా పికాక్స్ వెళితే సగం ఆనందం పోతుంది. తరువాత పది పన్నెండు దాకా ధైర్యంగా చదవవచ్చు. చూపు అలసిపోయేవాళ్లకు జార్జ్ గైడాల్ గొంతులో ఆడియో పుస్తకాలున్నాయి. తొందరపడని గొంతు, ఈ కథలకు సరిగ్గా సరిపోతుంది. 1988లో వచ్చిన లిలియన్ బ్రౌన్ 14 కథల సంపుటంలో, ఆమె దుఃఖంలోంచి పుట్టిన ఆ కథ కూడా ఉంది. పిల్లిని పోగొట్టుకుని ఎక్కువ కాలం కానివాళ్లు దాన్ని మాత్రం కొన్నాళ్లు ఆగి చదవండి.