రీజనల్ సెంటర్ రెస్పైట్ సర్వీస్: బే ఏరియాలో ఉండే ఒక అమ్మ రివ్యూ

ఇంటికొచ్చి పిల్లాడిని చూసుకునే రెస్పైట్ కేర్ గురించి రాస్తున్నా, కాలిఫోర్నియాలో ఉండి స్పెషల్ నీడ్స్ పిల్లలున్న మన తెలుగువాళ్ళు దయచేసి మొత్తం చదవండి. ఐదుకి నాలుగు స్టార్లు, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద చెప్తా.

మా బాబుకి తొమ్మిదేళ్ళు, ఆటిజం, మాటలు రావు, రాత్రుళ్ళు సరిగ్గా పడుకోడు, తలుపు గడియ పడలేదంటే రోడ్డు మీదకి పరిగెత్తేస్తాడు. ఇలాంటి పిల్లలున్న ఇంట్లో ఒకళ్ళు పనిలో ఉంటే ఇంకొకళ్ళు కాపలా, ఇద్దరూ కలిసి గడప దాటడం అనేదే ఉండదు. ఇండియా నుంచి అమ్మమ్మో నానమ్మో వస్తే ఆ ఆరు నెలలు కాస్త ఊపిరాడుతుంది, వాళ్ళు ఫ్లైట్ ఎక్కగానే మళ్ళీ మొదటికే. అయినా డెబ్భై ఏళ్ళ పెద్దావిడ వాడి వెనక ఎంతసేపని పరిగెత్తగలదు చెప్పండి.

రెస్పైట్ అంటే, వాడిని చూసుకోడానికి ఒక మనిషి ఇంటికొచ్చి కొన్ని గంటలు ఉంటారు, మనం బయటికి వెళ్ళొచ్చు, పక్క గదిలో పడుకోవచ్చు, ఏం చేశారని ఎవరూ అడగరు. దీన్ని ఏబీఏ థెరపీతో, అంటే ఆటిజం పిల్లలకి ప్రవర్తన, పనులు నేర్పే థెరపీతో కలపకండి. ఏబీఏ వాళ్ళు ఇంటికొస్తే పెద్దవాళ్ళు ఒకరు ఇంట్లో ఉండాలి, రెస్పైట్ ఉన్నదే మనం కాసేపు పక్కకి వెళ్ళడానికి. ఐహెచ్ఎస్ఎస్ (ఇంట్లో చూసుకునేవాళ్ళకి గంటల లెక్కన డబ్బిచ్చే ప్రోగ్రాం) కూడా వేరే, అది కౌంటీ ద్వారా నడుస్తుంది, రెండిటికీ విడిగా అప్లై చేసుకోవాలి.

ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదండీ. 1969 నాటి కాలిఫోర్నియా లాంటర్‌మన్ చట్టం ప్రకారం మన పిల్లలకి హక్కుగా వచ్చే సర్వీసుల్లో ఇదొకటి, ఈ సర్వీసులు ఇప్పించే రీజనల్ సెంటర్లు రాష్ట్రం మొత్తానికి 21 ఉన్నాయి, మీరుండే చోటు దేని కిందకొస్తుందో చూసుకుని ఫోన్ చేస్తే చాలు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఎపిలెప్సీ, ఇంటలెక్చువల్ డిసెబిలిటీ, ఇలాంటివి 18 ఏళ్ళ లోపే మొదలై రోజువారీ జీవితానికి గట్టిగా అడ్డం పడుతుంటే అర్హత ఉంటుంది. మన గ్రూపుల్లో తెగ తిరిగే మాట ఒకటుంది, మేం హెచ్‌వన్ మీద ఉన్నాం మాకెక్కడ ఇస్తారు అని. కాలిఫోర్నియాలో నివాసం ఉంటే చాలు, సిటిజన్ అయ్యుండాలన్న రూలే లేదు, మీ ఆయన జీతం ఎక్కువని అర్హత పోదు కూడా. ఇలాంటి సాయం తీసుకుంటే గ్రీన్ కార్డుకి ఇబ్బందేమో అని భయముంటే మీ లాయర్‌ని ఒక్క మాట అడగండి, భయంతో ఏళ్ళు పోగొట్టుకోకండి. ఇంకోటి, మూడు నెలలకి 90 గంటలు దాటకూడదు అని ఎవరైనా చెబితే అది పాత మాట, 2009లో బడ్జెట్ కోతలప్పుడు పెట్టిన ఆ లిమిట్‌ని 2018 జనవరి నుంచి తీసేశారు.

ఇప్పుడు ఆ తగ్గించిన స్టార్ సంగతి. గంటలు శాంక్షన్ చేసేది రీజనల్ సెంటర్, మనిషిని పంపేది వాళ్ళతో కాంట్రాక్ట్ ఉన్న ఏజెన్సీ. మాకు మొదట వచ్చిన ఏజెన్సీ పేరు రాయను, కానీ చాలా ఏడిపించారు. ఒకమ్మాయికి వాడు అలవాటు పడేలోపే మార్చేస్తారు, కొత్త మనిషి వస్తుంది, మళ్ళీ అన్నీ మొదటినుంచి చెప్పుకోవాలి, వాడికి కొత్త ముఖం అంటేనే భయం, చెవులు మూసుకుని సోఫా వెనక దూరిపోతాడు. బయల్దేరుదామని చెప్పులేసుకున్నాక ఈరోజు ఎవరూ రావట్లేదని మెసేజ్ వస్తే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పేపర్ మీద గంటలు ఉన్నాయి, చేతికి రావట్లేదు, చాలా ఇళ్ళల్లో ఇదే గోల.

దీనికి దారి ఉంది, ఇదే ముఖ్యంగా రాద్దామనుకున్నది. ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ అని ఒక పద్ధతి ఉంది, అందులో మనిషిని మనమే వెతుక్కోవచ్చు, ఫింగర్‌ప్రింట్లు, సీపీఆర్ ట్రెయినింగ్, జీతం చెక్కులు ఇవన్నీ ఏజెన్సీ చూసుకుంటుంది. మేం ఇంకో ఏజెన్సీకి మారి ఇది పెట్టించుకున్నాం. బాబు స్కూల్లో వాడి క్లాసులో ఎయిడ్‌గా చేసిన ఒక మెక్సికన్ ఆవిడ ఒప్పుకుంది. వాడికి పెరుగన్నం మెతుకు తగిలితే ఉమ్మేస్తాడు, ఆవిడ నేను కలపడం చూసి, ఉంగరాలు తీసి గట్టు మీద పెట్టి, చేత్తో మెత్తగా పిసికి వాడి నోటికి అందించింది, వాడు నోరు తెరిచాడు. నా ప్రాణం అప్పుడు కుదుటపడింది. మొన్న మా అమ్మాయి కూచిపూడి ప్రోగ్రాంకి నేనూ మా ఆయనా కలిసి వెళ్ళి పక్కపక్కన కూర్చున్నాం, స్టేజీ మీద నుంచి అది మా ఇద్దరినీ వెతుక్కుని చూసింది. ఆ పిల్ల కూడా ఇన్నాళ్ళూ చాలా వదులుకుంది కదండీ, రెస్పైట్ దానికి కూడా.

మనవాళ్ళలో ఒక జాగ్రత్త తప్పకుండా చెప్పాలి. పక్కింట్లో మాస్టర్స్ చేస్తున్న తెలుగు అబ్బాయిని పెట్టుకుందాం అనుకుంటారు, ఎఫ్‌వన్ మీద ఉన్నవాళ్ళు ఆథరైజేషన్ లేకుండా క్యాంపస్ బయట పనిచేయకూడదు, వర్క్ పర్మిట్ లేని హెచ్‌ఫోర్ వాళ్ళు కూడా అంతే, విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగార్ని అస్సలు పెట్టకండి. పాపం వాళ్ళ వీసాకి ఎసరు తెచ్చినవాళ్ళం అవుతాం. తోబుట్టువుల్ని చూడటం మామూలుగా ఈ గంటల్లో లెక్కలోకి రాదు, అది ముందే మాట్లాడుకోండి.

పిల్లాడిని పరాయివాళ్ళ చేతిలో పెట్టి తిరుగుతోంది అని మా వైపు చుట్టాలు కొందరు అన్నారు. అననివ్వండి. రాత్రి రెండింటికి వాడు లేస్తే లేచేది వాళ్ళు కాదు, మనం. రెండు గంటలు కునుకు తీసిన అమ్మకి ఓపిక ఉంటుంది, అది వాడికే మంచిది.

అప్లై చేసేవాళ్ళు ఒకటి చేయండి, రీజనల్ సెంటర్ కోఆర్డినేటర్‌తో ఐపీపీ మీటింగ్‌కి (పిల్లాడికి ఏ సర్వీసులు కావాలో ప్లాన్ రాసే మీటింగ్) ముందు వారం రోజులు రాసి పెట్టుకోండి, రాత్రి ఎన్నిసార్లు లేచాడు, ఎన్నిసార్లు తలుపు దగ్గరికి పరిగెత్తాడు, ఒక్కళ్ళే ఎన్ని గంటలు చూసుకున్నారు, అన్నీ. "కొంచెం కష్టంగా ఉందండీ" అని మొహమాటపడి ఊరుకుంటే వాళ్ళకి అర్థం కాదు. రెస్పైట్ కావాలని ఈమెయిల్‌లో అడగండి, కుదరదంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమనండి, దాని మీద అప్పీల్‌కి వెళ్ళే హక్కు మీకుంది.