ఓపెన్ పాత్ మిథేన్ అనలైజర్: టండ్రాలో ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

వేసవి కొలతల వరకే అయితే కళ్లు మూసుకుని కొనేయండి, ఏడాది పొడుగునా ఆర్కిటిక్‌లో నడపాలంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి. నేను వాడేది అలాస్కాలో ఉత్కియాగ్విక్ దగ్గర, పాత పేరు బారో, సముద్రం పక్కనే తడి టండ్రా. బ్రాండ్ పేరు రాయట్లేదు.

పని సింపులే, పైనా కిందా అద్దాలు, మధ్యలో అర మీటరు ఖాళీ, అందులోంచి గాలి దానంతటది పోతుంటే లేజర్ సెకనుకి 10 సార్లు మిథేన్ చూస్తుంది, పక్కన సోనిక్ ఎనిమోమీటరు గాలి పైకెళ్తోందా కిందకొస్తోందా చెప్తుంది, రెండూ కలిపితే అరగంటకో ఫ్లక్స్, అంటే నేలలోంచి ఎంత మిథేన్ పైకొస్తోందన్న లెక్క. పంపు లేదు కాబట్టి కరెంటు పెద్దగా తినదు, అదే గాలిని పంపుతో లోపలికి లాగి కొలిచే క్లోజ్డ్ పాత్ అయితే పంపుకే వందల వాట్లు కావాలి. జులై డేటా చూస్తే ముచ్చటేస్తుంది, నీళ్లు నిలిచిన గుంటల వైపు నుంచి గాలి వీస్తే గ్రాఫ్ లేస్తుంది, పొడి దిబ్బల వైపు నుంచి వస్తే పడిపోతుంది.

సెప్టెంబర్ దాటాకే అసలు తలనొప్పి. పైన మంచు పట్టినా లోపల మట్టి వారాల తరబడి సున్నా డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, జీరో కర్టెన్ అంటాం, ఆ టైమ్‌లో కూడా సూక్ష్మజీవులు మిథేన్ చేస్తూనే ఉంటాయి. అలాస్కాలో ఇలా ఫ్లక్స్ కొలిచే టవర్ల డేటాతో 2016లో వచ్చిన పేపర్ ప్రకారం ఏడాది మిథేన్‌లో కనీసం సగం సెప్టెంబర్-మే మధ్యే బయటికొస్తుంది. సరిగ్గా అప్పుడే ఈ మిషన్ గుడ్డిదైపోతుంది. ఉప్పు తుంపర, పొగమంచు, అద్దం మీద నూగులాంటి మంచు, సిగ్నల్ పడిపోయి గంటలకి గంటలు డేటా తీసేయాల్సొస్తది. హీటర్ వేద్దామంటే బ్యాటరీ ఖాళీ, నవంబర్ మధ్య నుంచి రెండు నెలలు సూర్యుడే రాడు కాబట్టి సోలార్ ఊసే ఎత్తొద్దు. పైగా ఆ గ్యాప్‌లు ఎలా పడితే అలా రావు, మంచు, పొగమంచు ఉన్న రోజుల్లోనే వస్తాయి, మోడల్‌తో నింపితే లెక్క ఒకవైపుకి లాగేస్తుంది.

దీని అన్న, ఓపెన్ పాత్ కార్బన్ డయాక్సైడ్ మిషన్‌ది ఇంకో గోల, చలిలో దాని ఒంటి వేడికే చుట్టూ గాలి పలచబడి, కరెక్షన్ చేయకపోతే నడి చలికాలం చీకట్లో టండ్రా కార్బన్ పీల్చుకుంటున్నట్టు చూపిస్తుంది!

5కి 3.5 ఇస్తా. కరెంటు లైన్ ఉంటే క్లోజ్డ్ పాత్ తీసుకోండి, లేకపోతే దీనికి తోడు నేల మీద చాంబర్లు, అంటే నేల మీద బోర్లించి గ్యాస్ కొలిచే డబ్బాలు, పెట్టుకోండి. అద్దం కడిగే వాషర్‌లో నీళ్లు పోయకండి, గడ్డకట్టని లిక్విడే పోయాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు కింది అద్దం మీద గీతలున్నాయేమో చూసే డబ్బులివ్వండి.