వైజాగ్‌లో మాక్ అసెంబ్లీకి డబ్బు కట్టబోతున్నారా? ఇది చదివి కట్టండి

మొన్న ఆదివారం ఇక్కడ జరిగిన మాక్ అసెంబ్లీ గురించే, అంటే విద్యార్థులే ఎమ్మెల్యేలు, మంత్రులుగా కూర్చుని నిజం సభలా చర్చించే కార్యక్రమం. నడిపింది ఎవరో సిటీ కాలేజీల్లో చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు, నెలంతా అందరి ఫోన్లలో వాళ్ళ పోస్టర్లే. ఫీజు 1,800. భోజనం, కిట్, సర్టిఫికెట్ అన్నీ అందులోనే అన్నారు. భోజనం బాగాలేదు, పోనివ్వండి, దానికోసం ఈ పోస్టు పెట్టడం లేదు.

నాకు ప్రతిపక్ష నేత స్థానం ఇచ్చినట్టు మెయిల్ పంపారు. చర్చ స్టీల్ ప్లాంట్ ప్రైవేటీకరణ మీద. మాది గాజువాక, నాన్న ప్లాంట్‌లో కాంట్రాక్ట్ కార్మికుడు. మా ఇంట్లో ఈ మాట రాని రోజు ఉండదు. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటా అమ్మడానికి ఒప్పుకోవడం, ఆ మేలో మన అసెంబ్లీ వద్దని తీర్మానం చేయడం, 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ, అన్నీ వరసగా రాసుకున్నాను. మంత్రి ఏం జవాబిస్తే ఏ అనుబంధ ప్రశ్న వేయాలో కూడా రాసుకుని వెళ్ళాను.

రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర బ్యాడ్జీ ఇచ్చారు. హోదా ఉండాల్సిన చోట తెల్ల స్టిక్కర్ అంటించి, పైన పెన్నుతో ‘సభ్యుడు’ అని రాశారు. గోరుతో గీరితే కింద ‘ప్రతిపక్ష నేత’ అని ప్రింటు చేసింది అలాగే ఉంది. ఇదేంటని అడిగాను. డెస్క్ మీద ఉన్నవాడు తల కూడా ఎత్తలేదు.

“అది ప్రీమియం సీటు బ్రో, వేరేవాళ్ళు ఎక్కువ కట్టారు. ఉంటే ఉండు, లేకపోతే వెళ్ళు. రిఫండ్ మాత్రం అడక్కు.”

నాకు రాసిచ్చిన సీటు ఇంకొకరికి అమ్మి, ఆ మాట అందరి ముందూ అన్నాడు! నా వెనకే పార్వతీపురం నుంచి వచ్చిన అమ్మాయి ఉంది, వాళ్ళ నాన్న కూడా తోడు వచ్చారు. గిరిజన సంక్షేమ మంత్రి అని చెప్పి పిలిచారట. ఆమె బ్యాడ్జీ మీదా స్టిక్కరే. ఆయన “పోనీలేమ్మా” అంటుంటే ఆ పిల్ల ఫైలు గట్టిగా పట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు. నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు.

సభ మొదలయ్యాక చూస్తే స్పీకర్ కుర్చీలో కూర్చున్నది ఆ డెస్క్ దగ్గరివాడే. పాయింట్ ఆఫ్ ఆర్డర్ అని, అంటే సభ నియమం తప్పుతోందని చెప్పడానికి లేచాను. దాన్ని తోసిపుచ్చే అధికారం స్పీకర్‌కి ఉంటుంది, కానీ ముందు వినాలి కదా. రెండు మాటలు పూర్తి కాకుండానే మైక్ కట్ చేయించాడు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులోంచి కూడా తీసేశారు.

మాక్ అసెంబ్లీలంటే నాకు ప్రాణం, మంచిగా నడిపేవాళ్ళూ ఉన్నారు. అందుకే చెప్తున్నా, ఎవరి సొంత ఫోన్ నంబరుకో డబ్బు పంపకండి, కాలేజీ పేరు మీద రసీదు అడగండి. కేటాయించిన సీటు మారిస్తే డబ్బు వెనక్కిస్తామని ముందే మెయిల్‌లో రాయించుకోండి. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ వాళ్ళ యువ పార్లమెంట్ కూడా ఉంది, మీ కాలేజీలో దాని గురించి అడిగి చూడండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. మీ సీటూ ఇలాగే మార్చి ఉంటే ఆ బ్యాడ్జీ, పేమెంట్ స్క్రీన్‌షాట్ పారేయకుండా మీరూ ఫిర్యాదు పెట్టండి. ఆ పార్వతీపురం అమ్మాయి ఎవరికైనా తెలిస్తే ఈ పోస్టు ఆమెకి పంపండి.