సిగ్నల్ యాప్: కొన్నేళ్లు వాడాక

2021 జనవరిలో వాట్సాప్ కొత్త ప్రైవసీ పాలసీ అనగానే కంగారుపడి సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లోకి వచ్చిన జనంలో నేనూ ఒకణ్ని. అప్పట్లో ఎంతమంది వచ్చి పడ్డారంటే, ఆ నెల 15న సర్వర్లు మోయలేక యాప్ మొరాయించింది. "ఫలానా వారు సిగ్నల్‌లో చేరారు" అని ఒకటే నోటిఫికేషన్లు. తర్వాత వాళ్లలో చాలామంది వచ్చిన దారినే వెళ్లిపోయారు. నేను ఉండిపోయాను. అలాగని వాట్సాప్ తీసేయలేదు, తీసేస్తే సగం పనులు ఆగిపోతాయి. ఇంట్లోవాళ్లూ దగ్గరి స్నేహితులూ సిగ్నల్‌లో, మిగతా లోకమంతా వాట్సాప్‌లో.

మెసేజ్‌లో ఉన్న విషయాన్ని దాచడం వరకే చూస్తే, ఈ రెండింటికీ చాలామంది అనుకునేంత తేడా లేదు. 2016 నుంచి వాట్సాప్ వాడుతున్నది కూడా సిగ్నల్ ప్రోటోకాలే, అంటే మెసేజ్‌ని బయటివాళ్లు చదవలేకుండా మార్చే సిగ్నల్ వాళ్ల పద్ధతే. తేడా ఎక్కడంటే ఎవరు, ఎవరితో, ఎప్పుడు మాట్లాడారన్న వివరాల దగ్గర. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ సిగ్నల్‌ని వివరాలు అడిగితే, ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఉన్నవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. నేను ఇక్కడ ఉండిపోవడానికి అసలు కారణం ఇదే. ఇక టెలిగ్రామ్‌లో మామూలు చాట్లకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేని ఏర్పాటు) లేదు, సీక్రెట్ చాట్ విడిగా మొదలుపెడితేనే ఉంటుంది. ఈ మాట చెబితే "అదే కదా అన్నిటికన్నా సేఫ్" అనేవాళ్లు ఇంకా ఉన్నారు.

వాడకంలో నాకు బాగా నచ్చింది సేఫ్టీ నంబర్. ప్రతి చాట్‌కీ 60 అంకెలు, ఐదేసి చొప్పున 12 గుంపులుగా కనిపిస్తాయి. ఇద్దరి ఫోన్లలోనూ అవే అంకెలుంటే మధ్యలో ఎవరూ దూరలేదని అర్థం. ఎదుటివాళ్లు ఫోన్ మారిస్తే ఇవి మారొచ్చు. అసలు ఎవరైనా చూస్తారా వీటిని అనుకునేవాణ్ని. ఒకరోజు పిన్ని చాట్‌లో సేఫ్టీ నంబర్ మారిందని చిన్న గీతలా ఒక మాట కనిపించింది. వెంటనే ఫోన్ చేశాను.

"పిన్నీ, ఫోన్ మార్చావా?"

"నిన్ననే కొన్నాన్రా. ఇంకా ఎవరికీ చెప్పలేదు, నీకెవరు చెప్పారు?"

తర్వాత ఆవిడ అంకెలు చదువుతుంటే నేను సరిచూసుకున్నాను. నాలుగో గుంపు దగ్గర "ఇదేం పరీక్షరా" అని విసుక్కుంది గానీ చివరిదాకా చదివింది. నిజం చెప్పాలంటే ఎదురెదురుగా ఉన్నప్పుడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే క్షణంలో అయిపోతుంది.

క్యూఆర్ కోడ్ అంటే గుర్తొచ్చింది. సెక్యూరిటీ వార్తలు రోజూ చదివే అలవాటు నాకుంది, "సిగ్నల్ హ్యాక్" అన్న హెడ్డింగ్ చూస్తే మొదట్లో టెన్షన్ వచ్చేది. 2025 ఫిబ్రవరిలో గూగుల్ భద్రతా బృందం ఒక సంగతి బయటపెట్టింది. రష్యాకి అనుకూలమైన హ్యాకర్లు గ్రూప్ ఇన్విటేషన్‌లా కనిపించే క్యూఆర్ కోడ్లు పంపుతున్నారు. స్కాన్ చేస్తే గ్రూప్‌లో చేరడం కాదు, హ్యాకర్ల పరికరం మన ఖాతాకి లింక్ అవుతుంది. అక్కణ్నుంచి మనకొచ్చే ప్రతి మెసేజూ వాళ్లకీ వెళ్తుంది. ఇందులో ఎన్‌క్రిప్షన్‌ని పగలగొట్టిందేమీ లేదు, మన చేతే తలుపు తీయించారు. మరుసటి నెలలోనే ఇంకో వార్త: అమెరికా జాతీయ భద్రతా సలహాదారు సిగ్నల్ గ్రూప్‌లోకి పొరపాటున ఒక పత్రికా సంపాదకుణ్ని చేర్చేశాడు. దానికి ఏ యాప్ మాత్రం ఏం చేస్తుంది?

అందుకే లింక్డ్ డివైజెస్ స్క్రీన్‌ని అప్పుడప్పుడూ తెరిచి చూస్తాను. ప్రతి పరికరం పేరు కింద ఎప్పుడు లింక్ చేశామో, చివరిసారి ఎప్పుడు వాడామో ఉంటుంది. గుర్తుపట్టలేని పేరు కనిపిస్తే మారు ఆలోచన లేకుండా తీసేయడమే. చాలా రోజులు వాడని పరికరం దానంతటదే తెగిపోతుంది గానీ, దొంగ పరికరం రోజూ వాడుకలోనే ఉంటుంది కదా.

రెండో సెట్టింగ్ రిజిస్ట్రేషన్ లాక్. 2022 ఆగస్టులో, సిగ్నల్ తరఫున ఎస్సెమ్మెస్‌లు పంపే ట్విలియో సంస్థలోకి హ్యాకర్లు చొరబడ్డారు, దాదాపు 1,900 మంది సిగ్నల్ యూజర్ల నంబర్లకి దెబ్బ తగిలింది. ఓటీపీ వేరేవాళ్ల చేతికి చిక్కినా, ఈ లాక్ ఉంటే పిన్ లేకుండా మన నంబర్‌తో ఖాతా తెరవలేరు. పిన్ మర్చిపోకుండా ఉండాలని యాప్ మధ్యమధ్యలో అడుగుతూ ఉంటుంది. సరిగ్గా తొందరలో ఉన్నప్పుడే అడుగుతుంది, అదొక విద్య దానికి.

అప్‌డేట్ల గురించి ఒక్క మాటే చెబుతాను. 2019లో వాట్సాప్ కాలింగ్‌లో ఉన్న లోపంతో, కాల్ ఎత్తకపోయినా ఫోన్లోకి పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ దూరగలిగింది, దాదాపు 1,400 ఫోన్లని అలా గురిపెట్టారు. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ అనే రకం బొమ్మల్ని చదివే చిన్న లైబ్రరీలో (చాలా యాప్‌లు పంచుకునే కోడ్‌లో) లోపం బయటపడితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌తో పాటు ఎలక్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్ పునాది మీద కట్టిన డెస్క్‌టాప్ యాప్‌లన్నీ సరిచేసుకోవాల్సి వచ్చింది. సిగ్నల్ డెస్క్‌టాప్ కూడా ఆ కుటుంబమే. పైన అప్‌డేట్ పట్టీ కనిపించగానే నొక్కేయడం మేలు.

నచ్చనివీ ఉన్నాయి. 2024లో యూజర్‌నేమ్‌లు వచ్చాక మన నంబర్ ఎదుటివాళ్లకి చూపించకుండా ఉండొచ్చు, కానీ ఖాతా తెరవడానికి మాత్రం ఫోన్ నంబర్ ఇంకా కావాల్సిందే. ఆండ్రాయిడ్‌లో మామూలు ఎస్సెమ్మెస్‌లు కూడా ఇందులోనే చూసుకునే వీలుండేది, 2022లో ఆపేస్తామని ప్రకటించారు. భద్రత కోసమే అన్నారు, ఒప్పుకుంటాను, అయినా అదొక్కటే మా నాన్నని ఈ యాప్‌లో పట్టి ఉంచిన సౌకర్యం.

అన్నిటికన్నా పెద్ద లోటు బ్యాకప్. ఫోన్ పోతే చాట్లూ పోయినట్టే అన్న పరిస్థితి చాలా ఏళ్లు నడిచింది, ముఖ్యంగా ఐఫోన్లలో. 2025 సెప్టెంబర్‌లో సురక్షిత బ్యాకప్‌లు మొదట ఆండ్రాయిడ్ బీటాలో, అంటే పరీక్ష కోసం ముందుగా ఇచ్చే వెర్షన్‌లో వచ్చాయి. మెసేజ్‌లు, చివరి 45 రోజుల ఫొటోలు ఉచితం, అంతకుమించి కావాలంటే నెలకి 1.99 డాలర్లు. దీనికి 64 అక్షరాల రికవరీ కీ ఇస్తారు. అది పోతే సిగ్నల్ వాళ్లు కూడా ఏమీ చేయలేరు, కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్లో పెట్టుకోవద్దు. పాస్‌వర్డ్ మేనేజర్ ఉంటే అందులో వేయండి, లేదంటే కాగితమే నయం.